చిన్న దేశం, చిన్న ఆఫీసు, ఒక ఓటు

మీరడిగారు: ఆటల శీర్షిక

లక్షన్నర జనాభా ఉన్న క్యూరసావ్ 2026 ప్రపంచ కప్ ఫుట్‌బాల్‌కి అర్హత సాధించిందని గత సంచికలో నాలుగు వాక్యాల వార్త వేశాం. దాని మీద పర్లాకిమిడి, గుణుపురం, బరంపురం మొదలుకొని అటు సిరొంచ, బల్లార్షా దాకా సరిహద్దు ఊళ్ల నుంచి ఉత్తరాలొచ్చాయి. గోల్ ఎవరు కొట్టారని అడిగినవాళ్లు తక్కువ. అంత చిన్న చోట ఫుట్‌బాల్ సంఘం ఎలా నడుస్తుందని అడిగినవాళ్లే ఎక్కువ. ఒకే రకం ప్రశ్నల్ని కలిపి జవాబులిస్తున్నాం.

2011 లెక్కల ప్రకారం మా గజపతి జిల్లా జనాభా 5 లక్షల 77 వేలు. క్యూరసావ్ చూస్తే నెదర్లాండ్స్ రాజ్యంలో భాగమట, ఫారో దీవులు డెన్మార్క్ కిందట. వాళ్లకి సొంత ఫుట్‌బాల్ సంఘం, సొంత జట్టు ఉన్నాయి. మరి ఒడిశాకి ఎందుకు లేవు?
– పాఠకుడు, పర్లాకిమిడి

జనాభా ఎంతని ప్రపంచ ఫుట్‌బాల్ సమాఖ్య ఫిఫా అడగదు. మీ జిల్లా కంటే తక్కువ జనం ఉన్న కేప్ వెర్డీ కూడా 2026 ప్రపంచ కప్‌కి అర్హత సాధించింది. ఫిఫా అడిగేది మీ సరిహద్దు గీత ఎక్కడుందని. ఒక దేశానికి ఒకే సంఘం, ఇది మూల సూత్రం. దీనికి రెండు మినహాయింపులున్నాయి. ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్, ఉత్తర ఐర్లండ్ ఫిఫా పుట్టక ముందే సంఘాలు పెట్టుకున్నాయి కాబట్టి వాటిని విడివిడిగా గుర్తించారు. రెండోది, పూర్తి స్వాతంత్ర్యం రాని ప్రాంతం. అది ఏ దేశం కింద ఉందో ఆ దేశపు ఫుట్‌బాల్ సంఘం సరేనంటే దరఖాస్తు పెట్టుకోవచ్చు.

ఒడిశా సంగతి వేరు. రాష్ట్ర సంఘమే అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్యలో, అంటే ఏఐఎఫ్‌ఎఫ్‌లో సభ్యురాలు. లోపల కూర్చున్నవాళ్లు బయటి తలుపు తట్టలేరు కదా.

ఫారో దీవుల వరస చూస్తే ఈ పని ఎంత కాలం పడుతుందో తెలుస్తుంది. అక్కడి సమాఖ్య 1979లో ఏర్పడింది. ఫిఫా సభ్యత్వం 1988లో, యూరప్ సమాఖ్య యూఈఎఫ్‌ఏ సభ్యత్వం 1990లో వచ్చాయి. ఇప్పుడు వరస మారింది. ముందు ఖండం సమాఖ్యలో సభ్యత్వం ఉంటేనే ఫిఫా దరఖాస్తు తీసుకుంటుంది. దరఖాస్తుతో పాటు సంఘం నియమావళి ఇవ్వాలి. ఫిఫా నియమాలకూ ఆట చట్టాలకూ కట్టుబడతామని, తగాదా వస్తే స్విట్జర్లండ్‌లోని క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానానికి వెళ్తామని ఒప్పుకోవాలి. చివరికి ఫిఫా కాంగ్రెస్, అంటే సభ్య సంఘాలన్నీ కూర్చునే సభ, ఓటేస్తుంది.

గీత మీద గొడవ ఉంటే ఏమవుతుందో తెలుసుకోవాలంటే బ్రిటన్ కింద ఉన్న, స్పెయిన్ తనదనే జిబ్రాల్టర్‌ని చూడండి. అక్కడి సంఘం పుట్టింది 1895లో. స్పెయిన్ ఒప్పుకోలేదు. పైగా ఐక్యరాజ్యసమితి గుర్తించిన దేశాలనే చేర్చుకుంటామని యూఈఎఫ్‌ఏ మధ్యలో నిబంధన మార్చింది. 2007 ఓటింగులో జిబ్రాల్టర్‌కి వచ్చినవి మూడే ఓట్లు. నిబంధన మారక ముందే దరఖాస్తు పెట్టాం కదా అని మధ్యవర్తిత్వ న్యాయస్థానంలో పోరాడి 2013లో యూఈఎఫ్‌ఏలో, 2016లో ఫిఫాలో చేరారు. గ్రీన్‌లాండ్ కూడా ఫారోలాగే డెన్మార్క్ కిందిదే. ఆలస్యమైనందుకు యూరప్ తలుపు మూసుకుపోయింది. ఉత్తర అమెరికా సమాఖ్య కాంకకాఫ్‌ని అడిగితే 2025లో అదీ కాదంది.

1936 ఏప్రిల్ 1న గీత మారి మద్రాసు నుంచి ఒడిశాకి వెళ్లిన ఊరు మీది. గీత ఎప్పుడు ఎవరు గీశారన్నదే తర్వాత అన్నిటికీ లెక్క అవుతుందని మీకు వేరే చెప్పాలా.

ఆడుకోవడానికి సరైన మైదానమే లేని దేశం సొంత ఊళ్లో మ్యాచ్ ఎలా పెడుతుంది?
– పాఠకురాలు, కాశీనగరం

పక్క దేశంలో అద్దెకి తీసుకుంటుంది. 1990 సెప్టెంబరు 12న ఫారో దీవులు తమ మొట్టమొదటి అధికారిక పోటీ మ్యాచ్‌లో ఆస్ట్రియాని 1-0తో ఓడించాయి. అది వాళ్ల ‘సొంత’ మ్యాచే, కానీ ఆడింది స్వీడన్‌లోని లాండ్స్‌క్రోనాలో. అంతర్జాతీయ మ్యాచ్‌కి పనికొచ్చే గడ్డి మైదానం దీవుల్లో లేదప్పుడు. ఆ తర్వాతే టోఫ్టిర్ ఊళ్లో గడ్డి మైదానం సిద్ధం చేసుకున్నారు. జిబ్రాల్టర్ కూడా 2018 దాకా సొంత పోటీ మ్యాచ్‌లని పోర్చుగల్‌లో ఆడింది. శాన్ మరీనోది ఇంకో తీరు. లీగ్ క్లబ్బులకి సొంత మైదానాలు లేవు. ఉన్న కొద్ది మైదానాల్లో ఏ మ్యాచ్ ఎక్కడ జరగాలో ఫెడరేషనే పంచుతుంది.

చిన్న సమాఖ్యలు కృత్రిమ గడ్డి వైపు మొగ్గడానికి కారణం వాన, చలి మాత్రమే కాదు. మామూలు గడ్డి మీద రోజూ ఆరు జట్లు ఆడితే నెల్లాళ్లలో గోల్ ముందర మట్టి తేలుతుంది. ఉన్న ఒక్క మైదానం పొద్దున్నుంచి రాత్రి దాకా పనిచెయ్యాలంటే కృత్రిమ గడ్డే దిక్కు. కానీ వేసి వదిలేస్తే కుదరదు. పోచల మధ్య పోసిన ఇసుక, రబ్బరు పలుకులు పెనాల్టీ చోటా కార్నర్ల దగ్గరా చెదిరిపోతాయి. బ్రష్‌తో లాగి మళ్లీ నింపాలి. లేకపోతే పోచలు ఒరిగిపోయి బంతి జారుతుంది, మోకాళ్లు దెబ్బతింటాయి. ఫిఫా నాణ్యత ముద్ర శాశ్వతం కాదు. పై స్థాయి ‘క్వాలిటీ ప్రో’ ఏడాదికి, ‘క్వాలిటీ’ మూడేళ్లకి మళ్లీ పరీక్ష చేయించుకోవాలి. ఆ పరీక్ష ఖర్చు బడ్జెట్‌లో పెట్టడం మర్చిపోతే, మైదానం కళ్లెదుటే ఉన్నా అంతర్జాతీయ మ్యాచ్‌లు రావు.

సమాఖ్య ఆఫీసులో అసలు ఏం పని ఉంటుంది? డబ్బు ఎక్కడిది? టికెట్లతోనే నడుస్తుందా?
– పాఠకుడు, గుణుపురం

టికెట్లతో కరెంటు బిల్లు కూడా తీరదు. చిన్న సమాఖ్యలకి పెద్ద ఆధారం ఫిఫా ‘ఫార్వర్డ్’ పథకం. 2023 నుంచి 2026 దాకా ఒక్కో సభ్య సంఘానికి ఆఫీసు, లీగులు, జట్లు నడపడానికి 50 లక్షల డాలర్ల దాకా, మైదానాలూ భవనాల్లాంటి ప్రాజెక్టులకి మరో 30 లక్షల డాలర్ల దాకా కేటాయించారు. బ్రెజిల్‌కి ఎంతో భూటాన్‌కీ అంతే. బ్రెజిల్‌కి అది చిల్లర. భూటాన్‌కి ఏడాది బతుకు.

ఆ డబ్బు చేతికివ్వరు. దానికి విడిగా బ్యాంకు ఖాతా ఉండాలి, ఏటా ఆడిట్ జరగాలి, ప్రాజెక్టు కాగితం ముందు ఆమోదం పొందాలి. ఎక్కువగా బెడిసేది నేల విషయంలో. శిక్షణ కేంద్రం కట్టే భూమి సంఘం పేరన ఉండాలి, లేదా దీర్ఘకాలం లీజు ఉండాలి. ట్రినిడాడ్‌లో కాంకకాఫ్ కోసం ఫిఫా డబ్బుతో కట్టిన పెద్ద కేంద్రం ఉన్న భూమి, ఆ సమాఖ్య మాజీ అధ్యక్షుడి సొంత కంపెనీలదని 2013లో విచారణ సంఘం తేల్చింది. ఏళ్ల తరబడి పట్టా ఎవరూ అడగలేదు.

ఇక ఆఫీసు పని. ఎన్నికైన అధ్యక్షుడు ఫొటోల్లో కనిపిస్తాడు, బండి లాగేది జీతం తీసుకునే ప్రధాన కార్యదర్శి. ఆటగాళ్ల నమోదు, రిఫరీల నియామకం, లీగ్ క్యాలెండర్, క్లబ్ లైసెన్సులు, క్రమశిక్షణ కమిటీ తీర్పులు, బయటి దేశానికి వెళ్లే ఆటగాడికి బదిలీ పత్రం, వయసు జట్లకి వీసాలు, అన్నీ ఆయన బల్ల మీదికే వస్తాయి. క్యాలెండర్ అన్నిటికంటే కష్టం. అంతర్జాతీయ మ్యాచ్‌ల తేదీలు ఫిఫా ముందే వేసేస్తుంది. వాటి మధ్య ఖాళీల్లో, వాన రోజులు తీసేసి, ఒకటో రెండో మైదానాల మీద పురుషుల, మహిళల, పిల్లల లీగులు సర్దాలి. ఒక్క ఆదివారం వాన పడితే మూడు లీగులూ వెనక్కి జరుగుతాయి.

మా దృష్టిలో చిన్న సమాఖ్యకి డబ్బు కొరత కంటే మనుషుల కొరతే పెద్దది. ఎన్నికల కమిటీ, క్రమశిక్షణ కమిటీ, అప్పీలు కమిటీ అన్నీ విడివిడిగా, స్వతంత్రంగా ఉండాలని నియమం. 34 వేల జనాభా ఉన్న శాన్ మరీనోలో ఏ క్లబ్బుతోనూ చుట్టరికం లేని లాయర్లని అంతమందిని వెతకాలి. పర్లాకిమిడి పట్టణం కంటే చిన్న దేశమది. రిఫరీకి ఎర్రకార్డు తిన్నవాడు బావమరిది అవుతాడు, అప్పీలు వినేవాడు పెదనాన్న అవుతాడు. అందుకే నియమావళిలో ‘సంబంధం ఉన్నవాడు ఆ కేసు నుంచి తప్పుకోవాలి’ అన్న వాక్యం ఉండి తీరాలి. ఎవరు తప్పుకున్నారో మినిట్స్ పుస్తకంలో రాయాలి.

ప్రభుత్వమే స్టేడియం కడుతుంది, డబ్బిస్తుంది. అయినా ప్రభుత్వం జోక్యం చేసుకుంటే ఫిఫా నిషేధిస్తుందేం? ఇదేం న్యాయం?
– పాఠకుడు, బరంపురం

డబ్బివ్వడం జోక్యం కాదు. సంఘాన్ని ఎవరు నడపాలో బయటివాళ్లు నిర్ణయించడాన్నే ఫిఫా ‘మూడో పక్షం జోక్యం’ అంటుంది. ఆ బయటివాళ్లు మంత్రి అయినా కోర్టు అయినా దానికి తేడా లేదు. ఉదాహరణకి దూరం వెళ్లక్కర్లేదు, మీ రాష్ట్రమే ఉంది. ఏఐఎఫ్‌ఎఫ్ ఎన్నికలు సమయానికి జరగలేదు. 2022 మేలో సుప్రీంకోర్టు ముగ్గురితో నిర్వాహక కమిటీ వేసింది. ఆగస్టు మధ్యలో ఫిఫా భారత్‌ని సస్పెండ్ చేసింది. అక్టోబరులో భువనేశ్వర్, మడ్గావ్, నవీ ముంబైలలో అండర్-17 మహిళల ప్రపంచ కప్ ఉంది. అది పోయేట్టయింది. ఆసియా క్లబ్ పోటీకని తాష్కెంట్ చేరిన గోకులం కేరళ అమ్మాయిలు ఆడకుండానే తిరిగొచ్చారు. కోర్టు కమిటీని రద్దు చేశాక ఆగస్టు 26న సస్పెన్షన్ ఎత్తేశారు. అక్టోబరు 11న కళింగ స్టేడియంలో భారత్ ఆడగలిగింది. అమెరికా చేతిలో 0-8తో ఓడింది, అది వేరే కథ.

సస్పెన్షన్ అంటే జట్టు ఆడకపోవడమొక్కటే కాదు. క్లబ్బులకి అంతర్జాతీయ పోటీలు ఉండవు, కాంగ్రెస్‌లో ఓటు ఉండదు, ఫార్వర్డ్ డబ్బు ఆగుతుంది. శ్రీలంక 2023 జనవరి నుంచి ఆగస్టు దాకా అలాగే ఉంది. పెద్ద దేశానికి అది పరువు సమస్య. చిన్న సమాఖ్యకయితే జీతాలు ఆగే సమస్య.

న్యాయమా అంటే, సగం న్యాయమే. మంత్రి మనిషిని కుర్చీలో కూర్చోబెట్టకుండా ఈ నియమం కాపాడుతుంది. ఎన్నికలు పెట్టకుండా కుర్చీ పట్టుకు కూర్చున్నవాడికీ ఇదే నియమం గొడుగవుతుంది. రెండో రకానికి ఫిఫా దగ్గరున్న మందు ‘సాధారణీకరణ కమిటీ’. పాత కార్యవర్గాన్ని పక్కన పెట్టి, తానే కొందరిని వేసి, ఎన్నికలు జరిపిస్తుంది. గడువు పొడిగింపుల మీద పొడిగింపులు ఇవ్వడమే ఆ మందుతో చిక్కు.

మావోడు సిరొంచల ఉంటడు. అమెరికన్ సమోవా 31 గోల్స్ తిన్నదట. గట్ల ఎట్లయింది? సంఘం తప్పా, పిల్లల తప్పా?
– పాఠకుడు, మంచిర్యాల

కాగితాల తప్పు. 2001 ఏప్రిల్ 11న ఆస్ట్రేలియాలోని కాఫ్స్ హార్బర్‌లో ఆస్ట్రేలియా జట్టు చేతిలో 0-31. ఆర్చీ థాంప్సన్ ఒక్కడే 13 కొట్టాడు. పసిఫిక్‌లో అమెరికా కింద ఉన్న ఆ దీవుల తరఫున ఆడాలంటే అమెరికా పాస్‌పోర్ట్ ఉండాలని ఫిఫా తేల్చింది. పోటీ ముంగిట చూసుకుంటే మొదట అనుకున్న జట్టులో గోల్‌కీపర్ నిక్కీ సలాపు తప్ప దాదాపు అందరూ అనర్హులయ్యారు. అండర్-20 వాళ్లని పిలుద్దామంటే వాళ్లకి పరీక్షలు. చివరికి 15, 16 ఏళ్ల పిల్లలు కూడా దిగారు. జట్టు ఎంపికకి ముందే ప్రతి ఆటగాడి పాస్‌పోర్ట్ నకలు ఫైల్లో పెట్టుకుని ఉంటే ఆ స్కోరు చరిత్రకెక్కేది కాదు. అదే సలాపు గోల్‌కీపర్‌గా 2011 నవంబరులో వాళ్లు టోంగాని 2-1తో ఓడించారు. ఫిఫా గుర్తించిన మ్యాచ్‌ల్లో అది వాళ్లకి తొలి విజయం.

అర్హత లెక్క ఇదీ. ఆ దేశం జాతీయత ఉండాలి. పుట్టుకతో కాకుండా తర్వాత పొందితే, తను గానీ తల్లిదండ్రుల్లో ఒకరు గానీ అవ్వాతాతల్లో ఒకరు గానీ అక్కడ పుట్టి ఉండాలి, లేదా నిర్ణీత కాలం అక్కడ నివసించి ఉండాలి. 18 దాటాక వెళ్లినవాడికి అది అయిదేళ్లు. క్యూరసావ్ జట్టులో ఎక్కువమంది నెదర్లాండ్స్‌లో పుట్టినవాళ్లే. తల్లిదండ్రుల, అవ్వాతాతల జనన పత్రాలు వెతికి పట్టుకుని సమాఖ్య వాళ్లని తెచ్చుకుంది. నైపుణ్యం వెతికే పనిలో సగం రికార్డు గదిలోనే జరుగుతుంది.

మా అబ్బాయికి పదిహేనేళ్లు. ఉండేది పాతపట్నం, ఆంధ్ర. ఆడేది పర్లాకిమిడిలో, ఒడిశా. నడిచి వెళ్లేంత దూరం. నమోదుకి ఏం చెయ్యాలి? దేశాల మధ్య కూడా ఇలాగే చిక్కులుంటాయా?
– ఒక తండ్రి, పాతపట్నం

రెండో ప్రశ్నకి ముందు జవాబు చెప్తాం, మీకు నచ్చుతుంది. 18 నిండని ఆటగాడు దేశం మారి ఆడకూడదన్నది ఫిఫా సాధారణ నియమం. కొద్ది మినహాయింపుల్లో ఒకటి అచ్చంగా మీలాంటివాళ్ల కోసమే. పిల్లవాడి ఇల్లు దేశ సరిహద్దుకి 50 కిలోమీటర్ల లోపు ఉండాలి. క్లబ్ కూడా అవతలి పక్క 50 కిలోమీటర్ల లోపు ఉండాలి. ఇంటికీ క్లబ్బుకీ మధ్య 100 కిలోమీటర్లు మించకూడదు. వాడు ఇంట్లోనే ఉంటూ వెళ్లి రావాలి. రెండు దేశాల సంఘాలూ రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. నాలుగు వైపులా ఇటలీయే ఉన్న శాన్ మరీనోకీ, స్విట్జర్లండ్ ఆస్ట్రియాల మధ్య ఇరుక్కున్న లీక్టెన్‌స్టైన్‌కీ ఈ మినహాయింపు ప్రాణం.

మీది రాష్ట్రాల గీత కాబట్టి ఇదేమీ వర్తించదు. మీవాడిని క్లబ్బే నమోదు చెయ్యాలి. క్లబ్ జిల్లా సంఘానికీ, జిల్లా రాష్ట్ర సంఘానికీ అనుబంధమై ఉందో లేదో మొదట కనుక్కోండి. అనుబంధం లేని క్లబ్‌లో పదేళ్లు ఆడినా రికార్డులో ఆడనట్టే. ఏఐఎఫ్‌ఎఫ్‌ది ఆన్‌లైన్ నమోదు. జనన ధ్రువపత్రం, ఆధార్, ఫొటో, మైనరు కాబట్టి మీ సంతకం సిద్ధం చేసుకోండి. ఇంతకుముందు శ్రీకాకుళం జిల్లాలో ఏ క్లబ్బుకైనా నమోదై ఉంటే అక్కడి నుంచి విడుదల కావాలి. అది చెప్పకుండా రెండోచోట నమోదు చేస్తే ఫైలు అక్కడే ఆగుతుంది. ఒక సీజన్‌లో మూడు క్లబ్బులకి మించి నమోదు కుదరదు, అధికారిక మ్యాచ్‌లు రెండిటికే ఆడొచ్చు.

మీ వైపు ఎక్కువగా తప్పేది పేరు దగ్గర. ఆంధ్ర కాగితంలో ఇంటి పేరు ముందు, అదీ పొడి అక్షరంగా ఉంటుంది. ఒడిశా స్కూలు కాగితంలో ఇంటి పేరు చివర పూర్తిగా ఉంటుంది. మహారాష్ట్ర వైపు పాఠకులకయితే మధ్యలో తండ్రి పేరు కూడా చేరుతుంది. ఒకే పిల్లవాడు మూడు కాగితాల్లో ముగ్గురవుతాడు. జనన ధ్రువపత్రంలో ఎలా ఉంటే అలా ఆధార్‌ని ముందు సరిచేయించి, ఆ తర్వాతే నమోదుకి వెళ్లండి. ఒకసారి తప్పుగా ఎక్కితే మార్పించడానికి క్లబ్, జిల్లా, రాష్ట్రం మూడు గడపలూ తొక్కాలి.

140 కోట్ల మనకీ ఒక ఓటు, 34 వేల శాన్ మరీనోకీ ఒక ఓటా?
– పాఠకుడు, జయపురం

అవును. 211 సభ్య సంఘాలు, 211 ఓట్లు. అధ్యక్షుణ్ణి ఎన్నుకోవడంలోనూ, ప్రపంచ కప్ ఎక్కడ పెట్టాలన్న నిర్ణయంలోనూ అంతే. పదవి కోసం తిరిగేవాళ్లు చిన్న దీవుల చుట్టూ ప్రదక్షిణలు చేసేది అందుకే. ఒక్క చోట మాత్రం ఈ లెక్క చెల్లదు. ఆఫ్‌సైడ్ ఏది, పెనాల్టీ ఏది అన్న ఆట చట్టాలు మార్చేది 1886లో పుట్టిన వేరే బోర్డు. అందులో నాలుగు బ్రిటిష్ సంఘాలకి తలో ఓటు, ఫిఫాకి నాలుగు. ఎనిమిదిలో ఆరు పడితేనే చట్టం మారుతుంది. అక్కడ భారత్‌కి, శాన్ మరీనోకి సమానంగా సున్నా.

లీగ్ లేని దేశం ఉందా?
– విద్యార్థిని, రాయగడ

లీక్టెన్‌స్టైన్. క్లబ్బులు ఏడే. అవన్నీ స్విట్జర్లండ్ లీగుల్లో ఆడతాయి. దేశంలో జరిగేది కప్ ఒక్కటే. దాన్ని గెలిచిన క్లబ్బుకి యూరప్ పోటీల అర్హత పోటీలో చోటు దొరుకుతుంది. ఆ దారిలోనే 2022లో వాడూజ్ క్లబ్ కాన్ఫరెన్స్ లీగ్ గ్రూప్ దశ దాకా వెళ్లింది.

మొనాకో, వాటికన్ జట్లు ప్రపంచ కప్ అర్హత పోటీల్లో ఎందుకు కనబడవు?
– పాఠకుడు, బల్లార్షా

రెండూ ఫిఫా సభ్యులు కావు. టీవీలో మీరు చూసే మొనాకో ఒక క్లబ్, ఫ్రాన్స్ లీగ్‌లో ఆడుతుంది.

ఎప్పుడూ ఓడిపోయే దేశాలు సమాఖ్య పెట్టి ఏం లాభం?
– పాఠకుడు, కిన్వట్

ఎప్పుడూ ఓడిపోవు. కువైట్ చేతిలో 2000లో 0-20తో ఓడిన భూటాన్, ఫిఫా ర్యాంకుల్లో అట్టడుగున 209వ స్థానంలో ఉండగా 2015 మార్చిలో తమ మొదటి ప్రపంచ కప్ అర్హత పోటీకి దిగింది. శ్రీలంకని కొలంబోలో 1-0తో, థింఫూలో 2-1తో కొట్టింది. థింఫూలో గోల్స్ వేసిన చెంచో గ్యెల్‌ట్షెన్ తర్వాత మన ఐ-లీగ్‌కి వచ్చి 2017-18లో మినర్వా పంజాబ్‌తో టైటిల్ గెలిచాడు. శాన్ మరీనో 2004లో లీక్టెన్‌స్టైన్‌ని స్నేహపూర్వక మ్యాచ్‌లో ఓడించాక 140 మ్యాచ్‌లు గెలుపు లేకుండా ఆడింది. 2024 సెప్టెంబరు 5న మళ్లీ అదే లీక్టెన్‌స్టైన్‌ని 1-0తో కొట్టింది. నవంబరులో వాళ్ల ఊరికే వెళ్లి 3-1తో గెలిచి యూరప్ దేశాల జట్లు ఆడే నేషన్స్ లీగ్‌లో పై మెట్టు ఎక్కింది. ఆ ఇరవై ఏళ్లూ ఓడిన ప్రతి మ్యాచ్‌కీ ఎవరో జట్టు జాబితా పంపారు, రిఫరీకి గది చూశారు, జెర్సీలు ఉతికించారు. ఆ పని ఆగి ఉంటే 141వ మ్యాచ్ ఉండేది కాదు.